ఒత్తు

హమ్రియాల మా కార్గో దుకాణం.
డబ్బాకు టేపు చుట్టుడు ఒకరి పని,
పేరు చీటీ కొట్టుడు నా పని.

ఓదెల గంగమల్లు తన డబ్బా మీది చీటీ చూసి
"తమ్మీ, నా పేరు కాలు ఇరిగిందేంది?" అన్నడు.
చూసిన.
గంగమల్‌లు.
మెట్‌పల్‌లి.
కింద ఉండాల్సిన ఒత్తు పక్కకొచ్చి నిలబడ్డది,
బస్సు దిగి క్యాంపు గేటు దొరకని కొత్త మనిషి లెక్క.

"చేరుడైతే చేరుతది కాకా" అన్న.
"చేరుతది తియ్" అన్నడు.
అని, నా పెన్ను అడుక్కొని,
నాలుక కొంచెం బయటవెట్టి,
ల కింద ఒత్తు తానే దిద్దిండు.

రూముల ఆరుగురం. పై మంచం నాది.
ఏసీ నీళ్ళు డబ్బాల టక్కుటక్కు పడుతుంటే
దుప్పటి కింద ఫోను వట్టుకొని
ఆ ప్రింటరును నడిపే ప్రోగ్రాము ఎవరు రాసిన్రో
వెతుకుడు మొదలువెట్టిన.
అది ఎవ్వరి సొత్తు కాదట. అందరిదట.
ఎవరన్న చూడొచ్చు, దిద్దొచ్చు, పంచొచ్చు.
మొదటి పేజీలనే రాసున్నది:
దీనికి ఏ హామీ లేదు.
నవ్వొచ్చింది.
నన్ను పంపిన ఏజెంటు కాగితం మీద
ఆ ఒక్క మాట తప్ప అన్నీ ఉండె.

ప్రింట్ అని కొడితే పద్నాలుగు లక్షల వరుసలు.
ఫాంట్ అని కలిపితే నలభై వేలు.
ఒక ప్రాజెక్టు ఇంకో ప్రాజెక్టును పిలుస్తది,
అది మూడోదాని మీదికి తోలుతది,
లేబర్ ఆఫీసుల ఈ కిటికీ కాదు, ఆ కిటికీ అన్నట్టు.
వివరాల పుస్తకం తెరిస్తే
"కష్టమైన లిపుల సంగతి కింద చూడండి" అని ఉన్నది.
కింద చూసిన.
కింద ఏం లేదు.
మన లిపికి సంగతంతా కిందనే కదా.

ఒక కాడ ఎవరో రాసిపెట్టిండు: "ఇది తర్వాత చూద్దాం."
తారీఖు చూస్తే పదకొండేండ్లయింది.
అప్పుడు నేను సోహార్‌ల ఇటుకలు మోస్తున్న.

కింది మంచం బంగ్లా రఫీకుల్
"రోజూ రాత్రంత ఎవరితోని? లడ్కీ హై క్యా?" అని గుసగుసగ అడిగిండు.
"నై భాయ్. ఒత్తు."

మూడో రాత్రి ఇంగ్లీషు ఇడిసిపెట్టిన.
వెతికే గడిల ఉత్త "ల్ల" అని కొట్టిన.
లక్షలు పోయి తొమ్మిది మిగిలినయ్.
ఎనిమిది పనికిరానియి.
తొమ్మిదోది పరీక్ష ఫైలు.
అక్షరాలు సక్కగ పడుతున్నయా లేవా చూసేటందుకు
ఎవరో పేర్చిపెట్టిన మాటలు:

ఉల్లిగడ్డ
ఎల్లిగడ్డ
మక్కగట్క
తొక్కు
అప్పు
బొక్కెన
మిత్తి
అప్పు

అప్పు రెండుసార్లున్నది.
పొరపాటో, పరీక్షో తెలువలే.
రాసినోళ్ళ పేరు కాడ రెండు ఇంగ్లీషు అక్షరాలు,
ఊరు కాడ ఖాళీ.
ఎల్లిగడ్డ అన్నరంటే మా దిక్కోళ్ళే.
ఏ దేశంల, ఏ రూముల, ఏ దుప్పటి కింద కూసోని రాసిన్రో.

ఆ ఫైలు వెంట పోతే దొరికింది ఆ వరుస.
పేరును తీసుకొని ముక్కముక్క విడదీసి
విడివిడిగ ప్రింటరుకు పంపుతున్నది.
తప్పు దాంది కాదు.
దానికి నేర్పినోళ్ళు
అక్షరమంటే ఒంటరిగ ఉంటదనుకున్నరు.

రెండు వరుసలు మార్చిన. దిద్దింది తిరిగి పంపిన.
ఆ మాటల చివర, అప్పు కింద,
ఇంకోటి చేర్చిన: గంగమల్లు.

పది రోజులకు జవాబొచ్చింది.
ఎక్కడో మంచు పడే దేశపాయన.
దిద్దింది బాగుందన్నడు, తీసుకున్నమన్నడు,
ఆఖరు మాటకు అర్థమేందని అడిగిండు.
"మనిషి" అని రాసిన.

తర్వాతి నెల గంగమల్లు ఇంకో డబ్బా తెచ్చిండు.
ఈసారి పెన్ను తనే తెచ్చుకున్నడు.
చీటీ దిక్కు చూసిండు,
పెన్ను మూత వెట్టి మళ్ళ జేబుల ఏసుకున్నడు.
"టేపు గట్టిగ చుట్టమను తమ్మీ,
పోయినసారి మూల చినిగింది" అన్నడు.